రాత్రి దారికి కొత్త కన్ను

చిత్తూరు సీమలో జూన్, జులై నెలలంటే మామిడి నెలలు. తోటలలో తోతాపురి కాయ కోతకు రాగానే రోడ్లన్నీ ట్రాక్టర్లతో, లారీలతో నిండిపోతవి. గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరిన బండ్లు పగలు గడచి రాత్రి అయినా కదలవు. అటువంటి ఒక రాత్రి, కొన్ని సంవత్సరముల క్రిందట, మేము చిత్తూరులో ఒక కార్యక్రమమును రికార్డు చేసికొని తిరుపతికి తిరిగి వస్తున్నాము. పూతలపట్టు దాటి కొంత దూరము వచ్చిన తరువాత, మా కారుకు ముందు పోతున్న ఒక మోటారు సైకిలు, రోడ్డు ప్రక్కన నిలిపి ఉన్న మామిడికాయల ట్రెయిలరుకు వెనుకనుండి తగిలినది. సరిగా ఆ క్షణములోనే ఎదురుగా ఒక బస్సు వచ్చినది. దాని దీపముల వెలుగు కన్నులలో పడి మాకు ఏమియు కనబడలేదు.

ఆ బండి నడిపిన యువకుడు ప్రాణములతో బయటపడినాడు గాని, ఒక కాలు మునుపటివలె పనికి రాకుండ పోయినది. ట్రెయిలరు వెనుక ఎఱ్ఱని పట్టీ గాని దీపము గాని లేదని యువకుని బంధువులు అన్నారు. పట్టీ ఉన్నదనీ, తానే అంటించినాననీ ట్రాక్టరు డ్రైవరు కన్నీళ్ళతో చెప్పినాడు. ఇద్దరూ రెక్కాడితే గాని డొక్కాడని వారే. అప్పుడు అందరి చూపులు మా కారు ముందద్దమునకు అంటించి ఉన్న చిన్న కెమెరా మీదికి మళ్ళినవి. డ్యాష్ క్యామ్ అని పిలిచే ఆ యంత్రము దారి పొడుగునా దృశ్యమును నమోదు చేస్తూనే ఉన్నది. దానిని తెరపై వేసి చూచాము. ఒక తెల్లని వెలుగు వరద. దాని చుట్టూ కాటుక వంటి చీకటి. ట్రెయిలరు లేదు, మనిషి లేడు, పట్టీ ఊసే లేదు. సాక్ష్యము చెప్పవలసిన యంత్రము మౌనము వహించినది.

కన్ను ఉండి చూపు లేకపోవుటకు కారణమేమి? ఆ లోపమును ఇప్పటి శాస్త్రజ్ఞులు ఎంతవరకు సవరించగలిగినారు? ఈ రెండు ప్రశ్నలను గురించి నేడు మీతో ముచ్చటించ దలచాము.

కెమెరాలో కటకము వెనుక గోరంత పలక ఒకటి ఉంటుంది. అదియే ప్రతిబింబ గ్రాహకము. వాడుకలో సెన్సరు అంటారు. దానిమీద లక్షల సంఖ్యలో అతి సూక్ష్మమైన గళ్ళు ఉంటవి. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. వానలో పెరటి నిండా వరుసగా పెట్టిన ముంతలను ఊహించుకొనండి. ఏ ముంతలో ఎన్ని చినుకులు పడినవో కొలిచితే, పెరటిలో ఎక్కడ ఎంత వాన కురిసినదో తెలుస్తుంది. అదే రీతిగా ఏ గడిలో ఎంత వెలుగు పడినదో కొలిచి సెన్సరు బొమ్మను కూర్చుతుంది. పడిన వెలుగు ఎలక్ట్రాన్లుగా మారి గడిలో నిలుస్తుంది.

ఈ విద్యకు మూలపురుషులు అమెరికాలోని బెల్ పరిశోధనాలయమునకు చెందిన విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు. 1969లో వారు సీసీడీ అనే గ్రాహకమును కనిపెట్టినారు. నలుబది ఏండ్ల తరువాత, 2009లో, వారికి భౌతికశాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది. దాని వలన మొదట లాభపడిన వారిలో ఖగోళ శాస్త్రజ్ఞులు ముఖ్యులు. చిత్తూరు సీమకు అవతల, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు వేధశాల కలదు. అక్కడ 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శిని కూడ ఈ జాతి కెమెరాలతోనే మినుకు మినుకుమనే తారలను పరిశీలించినది. అటు పిమ్మట 1990 దశకములో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫాసమ్ బృందము, తక్కువ విద్యుత్తుతో పనిచేసే సీమాస్ గ్రాహకమును వృద్ధి చేసినది. నేడు మన చేతి ఫోనులోను, కారులోను ఉన్నది ఈ సీమాస్ సంతతియే.

ఇక మా పాత కెమెరా ఎందుకు ఓడిపోయినదో చూతము. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సుల వెలుగును ఇస్తుంది. నిండు పున్నమి వెన్నెల ఒక లక్సులో మూడవ వంతును మించదు. వెన్నెల కూడ లేని రోడ్డు మీద, ఎదుటి బస్సు దీపములు నేరుగా కటకములో పడినప్పుడు, ఒకే దృశ్యములో పగలును రాత్రియు కలిసి ఉన్నట్లే. చీకటిని పట్టుటకు ముంతలను ఎక్కువసేపు ఉంచితే దీపములు పడిన ముంతలు పొర్లిపోతవి. అదియే ఆ తెల్లని వరద. పొర్లకుండ త్వరగా తీసివేస్తే చీకటి భాగపు ముంతలలో చుక్క కూడ ఉండదు.

మరియొక చిక్కు కూడ ఉన్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయే బండి సెకనులో ముప్పదవ వంతు కాలములో సుమారు 55 సెంటీమీటర్లు కదలుతుంది. అంతసేపు సెన్సరు వెలుగును త్రాగితే నంబరు ప్లేటు మీది అంకెలు అలికినట్లు అయిపోతవి. సెకనులో అయిదువందవ వంతుకు తగ్గిస్తే కదలిక మూడు సెంటీమీటర్ల పైచిల్లరకు దిగుతుంది. కాని అప్పుడు వెలుగు చాలదు. రాత్రి కెమెరా కష్టమంతయు ఈ రెండింటి నడుమ నలుగుటలోనే ఉన్నది.

కొత్త సెన్సర్లు ఈ చిక్కును మూడు విధములుగా ఎదుర్కొంటున్నవి. మొదటిది, పలకను తిరగవేయుట. పూర్వపు సీమాస్ గ్రాహకములో తీగల అల్లిక వెలుగు వచ్చే వైపే ఉండేది. ముంతల మీద పందిరి వేసి వాన పట్టినట్లు కొంత వెలుగు తీగలకే తగిలి వృథా అయ్యేది. పలకను తలక్రిందులు చేసి, తీగలను అడుగునకు పంపి, వెనుక వైపునుండి వెలుగును గ్రహించే విధానమును సోనీ సంస్థ 2009 నుండి విరివిగా వాడుకలోనికి తెచ్చినది.

రెండవది, గడి పట్టును పెంచుట. అదే సంస్థ 2021లో స్టార్విస్ 2 అనే వర్గమును ప్రకటించినది. మంచి డ్యాష్ క్యామ్‌లలో నేడు తరచుగా వినబడే పేరు ఇదే. ఒకే పరిమాణము గల గడులను పోల్చితే, వెలుగుకు నీడకు నడుమ ఇది పట్టగలిగే అంతరము పాత వర్గము కంటె 8 డెసిబెల్లు, అనగా సుమారు రెండున్నర రెట్లు అధికము. అంతేకాదు, వెలుగును ఒకేసారి పట్టి, దానినే హెచ్చు స్థాయిలో ఒకసారి, తగ్గు స్థాయిలో ఒకసారి చదివి, ఆ రెండు బొమ్మలను కలిపే నేర్పు కూడ దీనికి కలదు. పూర్వము రెండు బొమ్మలను ఒకదాని తరువాత ఒకటి తీసి కలిపేవారు. ఆ స్వల్ప వ్యవధిలో బండి కదలి, బొమ్మలో దయ్యపు నీడ వలె రెండు బండ్లు కనబడేవి. ఇప్పుడు ఆ బాధ చాలవరకు తీరినది.

మూడవది దీపముల మినుకు. ఎల్‌ఈడీ దీపములు పలుమారు కంటికి తెలియనంత వేగముగా వెలిగి ఆరుతుంటవి. కెమెరా ఆరిన క్షణమునే పట్టితే, వెలుగుతున్న ఎఱ్ఱదీపము బొమ్మలో ఆరిపోయినట్లు కనబడుతుంది. దీపము పెట్టిన వానికి పెట్టలేదనే నింద వచ్చుటకు ఇంతకంటె ఏమి కావలెను? ఈ దోషమును తొలగిస్తూ, వెలుగు నీడలను కూడ ఒక్కసారే పట్టగల వాహనపు సెన్సరును సోనీ 2017లో ప్రకటించినది. అయితే అంగడిలో అమ్మే అన్ని డ్యాష్ క్యామ్‌లకు ఈ గుణము లేదు. అడిగి తెలిసికొని కొనవలెను.

పెట్టె మీది అంకెలను చూచి మోసపోరాదు. 4కే అన్నచో దాదాపు 83 లక్షల గళ్ళు. పలక వైశాల్యము పెరగకుండ గళ్ళు మాత్రమే పెరిగితే ముంతలు చిన్నవై రాత్రి చూపు తగ్గుతుంది. వేడి కూడ సెన్సరుకు శత్రువే. వెలుగు లేకున్నను గడిలో వేడివలన దొంగ ఎలక్ట్రాన్లు పుడతవి. ఏడెనిమిది డిగ్రీలు పెరిగిన కొలది అవి ఇంచుమించు రెట్టింపు అవుతవి. నలుబది డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో ఆ కెమెరా పడే అవస్థను ఊహించవచ్చును. అన్నిటికంటె ముందు అద్దము తుడవవలెను. దుమ్ము పట్టిన అద్దము వెనుక ఎంత గొప్ప సెన్సరైనా గ్రుడ్డిదే.

ఇది కేవలము ధనికుల వేడుక కాదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించినారు. ఆ సంవత్సరము మార్చి నెలలో భాకరాపేట ఘాటులో పెళ్ళివారి బస్సు రాత్రివేళ లోయలో పడిన దుఃఖవార్త ఈ ప్రాంతమువారు మరువలేనిది. మొగిలి ఘాటులో 2024 సెప్టెంబరులో జరిగిన ప్రమాదము కూడ అట్టిదే. పెరటాసి నెలలో తమిళనాడునుండి నడచి వచ్చే తిరుమల యాత్రికులు చీకటిలో రోడ్డు అంచునే సాగుతుంటారు. వీరికేదైన జరిగినచో నిజము చెప్పేవారెవరు?

చట్టము కూడ ఈ కన్నును గుర్తించినది. 2021లో చేర్చిన కేంద్ర మోటారు వాహనముల నియమము 167ఎ, రోడ్డు నిఘా సాధనములలో డ్యాష్‌బోర్డు కెమెరాను పేర్కొన్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ప్రకారము, ఇటువంటి రికార్డుతో పాటు రెండు భాగముల ధ్రువపత్రమును సమర్పించవలెను. కాబట్టి ప్రమాదము చూచినచో మొదట గాయపడినవారికి సాయము చేయండి. పిదప కెమెరాలో ఆ భాగము చెరిగిపోకుండ తాళపు మీట నొక్కండి. దానిని కత్తిరించక, ఫోనులో పదిమందికి పంపక, అసలు కార్డును భద్రపరచండి. తేదీ, గడియారము సరిగా ఉన్నవో లేవో నెలకొకసారి చూచుకొనండి.

నిరుడు మామిడి కాలములో మరల అదే దారిని, రాత్రివేళ, కొత్త సెన్సరు గల కెమెరాతో వచ్చాము. ఎదురుగా బస్సు వచ్చినది. ఇంటికి చేరి చూచుకొంటే బస్సు దీపములు రెండు గుండ్రని బింబములుగా నిలిచినవి. వాటి ప్రక్కన చీకటిలో ఒక ట్రెయిలరు, దాని వెనుక వ్రేలెడు ఎఱ్ఱని పట్టీ స్పష్టముగా ఉన్నవి. సంతోషము కలిగినది. వెంటనే ఆ పాత రాత్రి గుర్తుకు వచ్చి ఆ సంతోషము చల్లారినది. ఆనాడు ఆ ఇద్దరిలో నిజము చెప్పినది ఎవరో మాకు ఇప్పటికిని తెలియదు.

కెమెరా ప్రమాదమును ఆపదు. జరిగినదానిని చెప్పుతుంది, అంతే. మన తప్పు ఉన్నచో దానిని కూడ అదే నోటితో చెప్పుతుంది. ఆపగలిగినది మాత్రము కొద్ది రూపాయల ఆ ఎఱ్ఱని పట్టీయే. ఇంటిలో ట్రాక్టరు ఉన్న శ్రోతలు ఈ ప్రసంగము ముగియగానే ఒక్కసారి వాకిటిలోనికి వెళ్ళి, టార్చిలైటు వేసి, ట్రెయిలరు వెనుక ఆ పట్టీ మెరుస్తున్నదో లేదో చూడవలెనని మా మనవి.