నడుము నొప్పి - నరం సంగతి, స్కాను సంగతి
(సంఘ వార్షిక సభలో వైద్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సహాయనిధికి వచ్చే వైద్య దరఖాస్తులు చూసే పని మా ఉపసంఘానిది. "నడుము నొప్పి, స్కాను తీయించాలి, సాయం చేయగలరు" అనేవి వాటిలో తరచూ వస్తున్నాయి. పంపేవారిలో ఎక్కువమంది కుట్టుమిషను ముందో, లారీ స్టీరింగు ముందో రోజంతా కూర్చునేవాళ్లే. ఎవరికి వెంటనే ఇవ్వాలి, ఎవరిని కొంచెం ఆగమనాలి అనేది తేల్చడం మాకు తేలిక కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

నడుము నొప్పి అంతా నరం నొప్పి కాదు. కండరం పట్టినా, కీలు అరిగినా నడుము నొస్తుంది. నరం నలిగితే మాత్రం నొప్పి పిరుదు మీదుగా, తొడ వెనకగా, పిక్కలోకీ పాదంలోకీ దిగుతుంది. తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్లుండడం కూడా ఉంటాయి. మన హకీములు ఇర్ఖున్నిసా అనేదీ, ఆయుర్వేదం వారు గృధ్రసి అనేదీ, డాక్టర్లు సయాటికా అనేదీ ఇదే. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు పగిలి నరాన్ని నొక్కితే ఇలా అవుతుందని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ ప్రకటించారు.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని నరమూ, డిస్కూ కనబడవు. పూర్వం వెన్నులోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. 1970లలో సి.టి. స్కాను వచ్చింది. ఇప్పుడు ఎమ్మారై. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, ఎక్స్‌రే కిరణాలుండవు. ఒంట్లో పేస్‌మేకరుగాని, లోహపు క్లిప్పుగాని ఉంటే ముందే చెప్పాలి. మెడలో తాయెత్తు కూడా తీయాల్సిందే, ఆ గదిలో మినహాయింపు లేదు.

అయితే ఇంత బాగా కనబడటంలోనే ఒక చిక్కుంది. నడుము నొప్పి లేని 98 మందికి అమెరికాలో ఎమ్మారై తీసి, 1994లో ఆ ఫలితాలు ప్రచురించారు. నూటికి 52 మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది! కాబట్టి రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని చూసి ఇల్లంతా కంగారు పడనక్కరలేదు. ఎడమ కాలు లాగుతుంటే, పటంలో కుడివైపు ఉబ్బు కనబడితే, దాన్ని కోసి ఏం లాభం? కాలు ఎత్తించి, పాదం బలం, స్పర్శ చూసిన డాక్టరు చేతిలోనే ఆ పటానికి విలువ.

ఇంకోటి. ఎమ్మారై మామూలుగా పడుకోబెట్టి తీస్తారు. వయసు మళ్లినవారికి వెన్నులో నరాల దారి ఇరుకైతే నిలబడినప్పుడూ, నడిచినప్పుడూ కాళ్లు లాగుతాయి, ముందుకు వంగితే తగ్గుతుంది. నమాజులో ఖియాంలో నిలబడలేకపోతున్నాం, రుకూలో హాయిగా ఉంది అనే పెద్దలు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

కాలు లాగడం కొత్తగా మొదలైతే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది, జారిన డిస్కు ముక్క తనంతట తానే కుంచించుకుపోవడమూ ఉంది. ఆరు వారాలు దాటినా తగ్గకపోతే, ఇంజెక్షనో ఆపరేషనో ఆలోచిస్తుంటే అప్పుడు స్కాను. అంతవరకు ఆగమంటే నిధి మిగుల్చుకోవడానికని అనుకోకండి.

ఆగకూడనివారు వేరే ఉన్నారు. మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా, పాదం లేవక చెప్పు జారిపోతున్నా గంటలు లెక్కపెట్టాలి. ఆలస్యమైతే ఆ పట్టు మళ్లీ రాకపోవచ్చు. ఆడవాళ్లు సిగ్గుపడి ఇవి చెప్పరు, ఇంట్లోవాళ్లే అడగాలి. నొప్పితో జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను క్షయ కావచ్చు. పూర్వం క్యాన్సరు వచ్చినవారు, కిందపడ్డవారు కూడా జాగు చేయరాదు.

ఇలాంటివారికి కమిటీ మీటింగు దాకా ఆగకుండా డబ్బు ఇవ్వాలని సభవారిని కోరుతున్నాం. మిగతావారు దరఖాస్తుతో డాక్టరు చీటీ, పాత ఫిల్ములు ఉంటే అవీ తేవాలి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.