ఆ నలభై ఎనిమిది గంటలు ఎవరి దయా కాదు

(మహిళా ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆడదానికి కాన్పు పునర్జన్మ అంటారు పెద్దలు. ఇంట్లోనే పురుడు పోసుకునే రోజుల్లో పుట్టిన మాట అది. ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి తొంభై ఆరుకు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఆసుపత్రి గడప దాకా వచ్చాం. కాన్పయ్యాక మనల్ని అక్కడ ఎంతసేపు ఉండనిస్తున్నారు, ఎలా చూస్తున్నారు అన్నదే ఈనాటి ప్రశ్న.

బిడ్డ పుట్టి మాయ పడగానే గండం గడిచిందనుకుంటాం. కానీ ప్రాణం తీసేంత రక్తస్రావం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం కాన్పు తరువాత కూడా జరుగుతుంది. బిడ్డ పాలు తాగుతోందా, ఒళ్లు చల్లబడుతోందా అని చూడవలసిందీ అప్పుడే. అందుకే మామూలు కాన్పయినా తల్లీబిడ్డలను కనీసం 48 గంటలు ఉంచాలని ప్రభుత్వ నిబంధన. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజుల వరకు భోజనం పెట్టాలి. తిరిగి ఇంటి దగ్గర దింపడానికి బండి ఇవ్వాలి.

మరి జరుగుతున్నదేమిటి? తెల్లవారుజామున కని, సాయంత్రానికి చంటిబిడ్డతో ఆటో ఎక్కే బాలింతలను మనం చూస్తూనే ఉన్నాం. అడిగితే "వాళ్లే వెళ్లిపోతామన్నారు" అంటారు. సొంత ఇష్టంతో వెళుతున్నట్టు కాగితం మీద సంతకమో వేలిముద్రో చూపిస్తారు. ఆ ఇష్టం ఎలా పుట్టింది? ఒక మంచం మీద ఇద్దరు బాలింతలు. గడియ లేని మరుగుదొడ్డి, నీళ్లు రాని కుళాయి. తోడు వచ్చిన తల్లికి వరండాలో చాప. కూలి పోగొట్టుకుని కూర్చున్న భర్త, పక్కింట్లో వదిలివచ్చిన పెద్దపిల్ల. నొప్పులకు అరిస్తే తిట్లు. మగబిడ్డయితే ఒక రేటు, ఆడపిల్లయితే ఒక రేటు మామూళ్లు. ఇన్నిటి మధ్య ఉండలేక వెళ్లిపోతే దానికి ఇష్టమని పేరు పెట్టడం న్యాయమా?

సిజేరియన్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. అవసరం లేకుండా కోస్తే మాత్రం ఆ తల్లికి మరిన్ని రోజుల నొప్పి, మరిన్ని రోజుల మంచం. ప్రైవేటులో అది బిల్లు అవుతుంది. మంచాలు చాలని సర్కారు వార్డులో పక్కనున్న బాలింతను లేపడానికి సాకు అవుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. రాత్రంతా ఒంటరిగా వార్డు మొత్తం చూసే నర్సు మన శత్రువు కాదు. ఆమె కూడా మనలాంటి ఆడదే. ఖాళీలు నింపని, మంచాలు పెంచని ప్రభుత్వాన్నే మనం నిలదీయాలి.

ఇది కేవలం సౌకర్యాల గొడవ కూడా కాదు. ఢిల్లీలో ఇద్దరు పేద స్త్రీలకు ప్రసవ సమయంలో వైద్యం అందలేదు. ఒకామె చనిపోయింది, ఇంకొకామె చెట్టు కింద కన్నది. ఆ కేసుల్లో 2010లో ఢిల్లీ హైకోర్టు, తల్లికి వైద్యం అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, నష్టపరిహారం ఇమ్మంది.

కాబట్టి మన సంఘాలు చేయవలసిన పనులు ఇవి. 48 గంటల నిబంధన, ఉచిత సేవల జాబితా ప్రతి కాన్పుల వార్డు గోడ మీద తెలుగులో రాయించాలి. ఒక మంచానికి ఒక్క బాలింతే ఉండాలనీ, తోడు వచ్చిన ఆడమనిషికి చోటు, భోజనం ఇవ్వాలనీ పట్టుబట్టాలి. ముందే పంపిస్తే కారణం కాగితం మీద రాసిమ్మని అడగాలి. ఒక్కరు అడిగితే కసురుతారు. పదిమందిమి కలిసి వెళితే జవాబు చెప్పక తప్పదు.