పేరులో ట్యూబు, పెట్టెలో లేదు
(కుందుర్పిలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదిమందికి పనికొచ్చే మాట ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. డ్యూటీ అయ్యాక వాల్వు రేడియోలు, మైకుసెట్లు బాగుచేయడం నాకు అలవాటు. వాన రాని ఏడు కూడా మన పల్లెల్లో జాతరకు మైకు మోగవలసిందే కదా! కాబట్టి నాకు తెలిసిన వాల్వు గురించే చెబుతాను.

మా మనవడు బెంగుళూరులో చదువుతూ గిటారు నేర్చుకుంటున్నాడు. మొన్న సెలవులకు వస్తూ కాలితో నొక్కే చిన్న పెట్టె ఒకటి తెచ్చాడు. దాన్ని ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటారు. గిటారుకూ ఆంప్లిఫయరుకూ నడుమ కలిపితే తీగ నాదం బొంగురుగా, నిండుగా వస్తుంది. "తాతా, ఇది ట్యూబ్ స్క్రీమర్ నమూనా. ఇందులో నిజం వాల్వు పెట్టిస్తావా?" అన్నాడు.

విప్పి చూస్తే నవ్వొచ్చింది. 1979లో జపాన్ కంపెనీ ఐబనేజ్ తెచ్చిన ఆ పెడల్‌కు పేరులో ట్యూబు ఉందిగాని పెట్టెలో లేదు. ఉన్నవి 4558 అనే ఐ.సి., ఎదురెదురుగా కలిపిన సిలికాన్ డయోడ్లు. ధ్వని సంకేతం పెరగగానే డయోడ్లు దాని తలను రెండువైపులా ఒకేలా కోస్తాయి. వాల్వు అలా కోయదు, మెల్లగా వంచుతుంది. మైకుసెట్టులో ఆ బొంగురు వస్తే రోగమని మనం రాత్రంతా కూర్చుని నయం చేసేవాళ్ళం. గిటారు వాళ్ళకు అదే కావాలట!

ట్రంకు పెట్టె దించాను. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలైంది. ఆ తయారీ ఆగి చాలాకాలమైనా, రష్యా, స్లొవేకియా దేశాల్లో ఇలాంటి వాల్వులు ఇంకా చేస్తున్నారు. నా పెట్టెలో ఒక 12ఎయు7 దొరికింది.

పాత పద్ధతిలో 250 వోల్టులిచ్చి నడపాలని కూర్చున్నాను. మా అమ్మాయి గడపలో నిలబడి, "నాయనా, మళ్ళీ అదేనా?" అంది. నా చేయి ఆగిపోయింది. తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఆంప్లిఫయరు ప్లగ్గు పీకేసి, ఇక భయం లేదనుకుని లోపల చేయి పెట్టాను. ఫిల్టరు కండెన్సరులో నిలిచిన చార్జీ నన్ను గోడకేసి కొట్టింది. ఎర్తు చేయనిదే లైను ముట్టవద్దని పగలంతా కుర్రాళ్ళకు చెప్పినవాణ్ణి, రాత్రికి నేనే మరిచాను. ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ చెవిలో ఉంది. ఈ పెట్టె ఉండేది ఆమె కొడుకు కాళ్ళ కింద. వాడు రేపు తానే విప్పుతాడు.

అందుకని అంతా 12 వోల్టులతోనే చేశాము. 12ఎయు7 అంత తక్కువలోనూ పనిచేస్తుంది. దాని హీటరుకు 150 మిల్లీ ఆంపియర్లు కావాలి గనుక 9 వోల్టుల బ్యాటరీ చాలదు. 500 మిల్లీ ఆంపియర్ల అడాప్టరు పెట్టాము. పెడల్‌లోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు 16 వోల్టులకు తక్కువ కావని ముందే చూసుకున్నాము. డయోడ్లు తీసి, ఐ.సి. నుంచి వచ్చే సంకేతాన్ని చిన్న కండెన్సరు ద్వారా వాల్వు గ్రిడ్డుకు ఇచ్చాము. గ్రిడ్డు నుంచి ఎర్తుకు ఒక మెగోమ్, ప్లేటుకు 100 కిలో ఓముల రెసిస్టరు వేశాము. ప్లేటు నుంచి మరో కండెన్సరు, దాని తర్వాత వాల్యూము. వేడి పోవడానికి మూతకు రంధ్రాలు పెట్టాము. మొదట 'గుయ్'మని హమ్ వచ్చింది. మంచి రెగ్యులేటెడ్ అడాప్టరు పెడితే పోయింది. డ్రైవు బాగా పెంచితే వాల్వు కంటే ముందు ఐ.సి.యే కోసేస్తుంది కాబట్టి తక్కువలో ఉంచాలి.

సోల్డరింగంతా వాడిచేతనే చేయించాను. వాడు వాయిస్తుంటే మా ఇంటావిడ వంటింట్లోంచి, "పాత రేడియో బాగైందా?" అని అడిగింది. అంతకు మించిన సర్టిఫికెట్ నాకక్కరలేదు.

మిత్రులారా! మీ ఇళ్ళలో పాత వాల్వు సెట్లుంటే పిల్లలు ఏదో ఒకనాడు విప్పుతారు. ముందు ప్లగ్గు పీకాలి. తర్వాత కండెన్సరు చార్జీని రెసిస్టరు ద్వారా దించి, మీటరుతో సున్నా చూసుకోవాలి. అప్పుడే చేయి పెట్టాలి. మన చేతి పనిని పిల్లలకిద్దాం. దానితోపాటు ఆ జాగ్రత్తనూ ఇద్దాం.