సుగ్గి నెలల్లో చదువు గ్రూపు: ఎవరి పని ఏది?

(సంఘం యువజనుల ఆన్‌లైన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్‌లో చదువు గ్రూపు పెట్టడం రెండు నిమిషాల పని. దాన్ని పరీక్షల దాకా నడపడమే కష్టం. అది ఎలా నడుస్తుందో, అందులో మీలాంటి వాలంటీర్లు ఏ పని ఎత్తుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు వైపు మన తండాల సంగతి మీకు తెలిసిందే. వానలు సరిగా పడక పంట చేతికి రాకపోతే సుగ్గికి పోవాల్సిందే. గుంటూరు వైపు పత్తి, మిర్చి పనులకు కొందరు, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకు కొందరు పోతారు. మిర్చి కోతలు జోరుగా సాగేదీ, పదో తరగతి పరీక్షలు వచ్చేదీ ఒకే కాలం. ఇంట్లో అవ్వ ఉంటే పిల్లలు అవ్వ దగ్గర, లేదంటే సీజనల్ హాస్టల్లో ఉంటారు. రెండూ కుదరకపోతే అమ్మానాన్నల వెంటే చేనుకు పోతారు. అలా పోయిన పిల్ల తిరిగొచ్చాక పాఠం అందక, తరగతిలో కూర్చోవడానికే సిగ్గుపడుతుంది. మెల్లగా బడి మానేస్తుంది. హాస్టళ్లలో పనిచేసే మేము ఏటా చూసేది ఇదే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు, హాస్టళ్లు మూతపడ్డాయి. ఆ రోజుల్లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. దీక్షా యాప్ ఉంది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లూ ఉన్నాయి. పాఠాలకు కొదవ లేదు. కానీ టీవీ పాఠం చెబుతుందే తప్ప, “అర్థమైందా?” అని అడగదు. అలా అడిగే మనిషి కావాలి. వాలంటీర్ చేయాల్సింది అదే.

పనులు పంచుకోవడం మనకు కొత్తేమీ కాదు. తండాలో నాయక్ ఉంటాడు, కార్భారి ఉంటాడు, సలహా చెప్పే డావో ఉంటాడు. అన్నీ ఒక్కరి నెత్తిన పెట్టలేదు మన పెద్దలు. చదువు గ్రూపుకూ అదే పద్ధతి కావాలి. అన్నీ తానే చేసే అన్న ఒక్కడుంటే, ఆ అన్న సుగ్గికి పోయిన రోజే గ్రూపు మూగబోతుంది.

మొదటి పని నిర్వహణ. అడ్మిన్‌లు కనీసం ముగ్గురు ఉండాలి, అందులో ఒక్కరైనా ఆడపిల్ల కావాలి. కొత్తవారిని చేర్చుకోవడం, పండగ ఫోటోలు, రాజకీయాలు రాకుండా చూడటం వీళ్ల బాధ్యత. పరీక్షల ముందు “లీకైన పేపర్” అంటూ వచ్చేదాన్ని వెంటనే తీసేయాలి. దాన్ని ఇంకొకరికి పంపినా చిక్కే.

రెండో పని పాఠం చెప్పడం. డిగ్రీ, డీఎడ్ చదివేవాళ్లు ఒక్కొక్కరు ఒక్క సబ్జెక్టు తీసుకుంటే చాలు. మన ఇళ్లలో ఫోన్ ఒకటే, అదీ నాన్న జేబులో ఉంటుంది. కాబట్టి పగలు వీడియో క్లాసు పెడితే ఎవరూ రారు. పిల్ల లెక్కను ఫోటో తీసి పెడితే, మీరు రాత్రి ఐదు నిమిషాల వాయిస్‌లో చెప్పండి. చిన్న పిల్లలకు గోర్‌బోలీలోనే చెప్పండి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టినప్పుడు వాటిలో మన బంజారా కూడా ఉంది. ఇంటి మాటలో విన్న లెక్క త్వరగా తలకెక్కుతుంది.

మూడో పని తేదీలు చూడటం. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. గడువు దాటాక తెలిస్తే ఏం లాభం? గురుకులం ప్రవేశాలు, స్కాలర్‌షిప్‌లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అన్నీ ఒకరు ముందుగా చూసి చెప్పాలి. అధికారిక వెబ్‌సైట్‌లోనో, బడిలోనో సరిచూసుకున్నాకే గ్రూపులో పెట్టాలి. దొంగ లింకు నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించాలి.

నాలుగో పని పలకరింపు. మిగతా మూడింటికన్నా ఇదే పెద్దదంటాం మేము. వారంలో ఒకసారి గ్రూపు తిరగేసి, ఎవరు మాట్లాడటం లేదో చూడాలి. రోజూ లెక్కలు పంపే పిల్ల పది రోజులుగా పలకడం లేదంటే రీచార్జి అయిపోయి ఉండొచ్చు, జ్వరం కావచ్చు, పెళ్లి మాటలూ కావచ్చు. వాళ్ల అమ్మ ఫోన్‌కు చేసి, “ఎలా ఉన్నారు యాడీ?” అని ముందు మంచిచెడ్డలు అడగండి, చదువు సంగతి తర్వాత. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి అని తెలిస్తే మీరొక్కరే వెళ్లి గొడవకు దిగొద్దు. టీచరుకో, వార్డెన్‌కో చెప్పండి, 1098కి ఫోన్ చేయండి.

ఇక హద్దుల మాట. ఆడపిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టొద్దు. అవసరమైతే ఒక మహిళా వాలంటీర్‌ను కలుపుకుని, వాళ్ల అమ్మకు తెలిసేలా మాట్లాడండి. పిల్లల ఫోటోలు, ఆధార్ కాపీలు గ్రూపులో పెట్టొద్దు. వాలంటీర్ అధికారి కాడు. “సీటు ఇప్పిస్తాం” అని మాటివ్వొద్దు. తెలియని ప్రశ్నకు “కనుక్కుని చెబుతా” అనండి, చెప్పిన రోజుకు తప్పకుండా చెప్పండి. మీ చదువు పాడుచేసుకుని చేయమనడం లేదు. వారానికి రెండు గంటలు ఇస్తే చాలు, కానీ ఆ రెండు గంటలూ ఖాయంగా ఇవ్వాలి.

చివరిది అప్పగింత. ప్రతి పనికీ రెండో మనిషి ఉండాలి, ఒక నోటు పుస్తకం ఉండాలి. ఏ పిల్ల ఎక్కడుంది, ఏ పాఠం దాకా వచ్చింది, ఎవరితో ఎప్పుడు మాట్లాడాం అన్నీ అందులో రాయాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై నేటికీ జీతం లేని మనుషులతోనే నడుస్తోంది. అక్కడ ఎవరు ఏ మార్పు చేశారో చరిత్ర పేజీలో ఉంటుంది. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. మన వాలంటీర్లు కూడా సుగ్గికి పోతారు, పెళ్లిళ్లయి వేరే తండాలకు పోతారు, ఉద్యోగాలొచ్చి పోతారు. పోవడం తప్పు కాదు, చెప్పకుండా పోవడమే తప్పు. పుస్తకం రెండో మనిషి చేతిలో పెట్టి, పిల్లలకు ఆ మనిషిని పరిచయం చేసి పోండి.

దీపావళి దాటితే తండాలు ఖాళీ అవడం మొదలవుతుంది. అంతకు ముందే మీ తండాలో బడి ఈడు పిల్లలెందరు, ఎవరెవరి ఇళ్లు సుగ్గికి పోతాయో రాసుకోండి. ఈ నాలుగింటిలో మీరు చేయగలిగిన పని ఒక్కటి ఎంచుకుని సంఘానికి పేరివ్వండి. మీ పేరు పక్కన రెండో పేరు కూడా మీరే తీసుకురండి.

జై సేవాలాల్.