పంక్తిభేదము లేని వడ్డన



అన్నదానము పుణ్యకార్యమని చెప్పుటకు మన పల్లెలలో ఉపన్యాసకు డక్కఱలేదు. అయినను అన్నము పెట్టుట వేఱు, పంక్తిభేదము లేక వడ్డించుట వేఱు. మొదటి పంక్తికి నేయియు, కడపటి పంక్తికి నీళ్లచారును దక్కిన సంతర్పణములను మన మెఱుగుదుము. ఈ చిక్కు క్రైస్తవసంఘమునకు దాని తొలిదినములలోనే యెదురయ్యెను. వారు దానిని తీర్చుకొన్న విధము మనమందఱము తెలిసికొనదగినది.

యెరూషలేములోని తొలి విశ్వాసులు కలిసి భుజించుచు, దిక్కులేని విధవలకు దినదినమును ఆహారము పంచుచుండిరి. ఆ పంపకములో గ్రీకుభాష మాటలాడు విధవలను ఉపేక్షించుచున్నారని సణుగుడు పుట్టెను. అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. మంచిపేరుగల యేడుగురిని ఏర్పఱచుకొనుడని సంఘమునకు చెప్పిరి. ఈ వృత్తాంతము అపొస్తలుల కార్యములలో 6వ అధ్యాయమున నున్నది. ఇం దొక విశేషము గమనింపుడు. స్తెఫను మొదలు నికొలాసు వఱకు ఆ యేడుగురి పేర్లును గ్రీకు పేర్లే. ఎవరి విస్తరి వెలితిపడెనో వారి పక్షమువారి చేతికే గరిటె యిచ్చిరని నాకు తోచుచున్నది.

తరువాత 6వ శతాబ్దమున, ఇటలీ దేశమున బెనెడిక్టు అను మహనీయుడు మఠవాసులకు 73 అధ్యాయముల నియమావళి వ్రాసెను. అందు వంటయింటికిని అతిథులకును ప్రత్యేకముగ అధ్యాయములు గలవు. వంటపని వారమువారము వంతులచొప్పున మఠవాసులే చేయవలెను. రోగులకును, ముఖ్యకార్యములలో నున్నవారికిని తప్ప మినహాయింపు లేదు. వడ్డించువారికి భోజనవేళకు గంటముందే కొంత రొట్టెయు పానీయమును ఈయవలెను. కడుపు కాలుచున్నవాడు విసుగక వడ్డింపలేడు గదా! అతిథులు వేళకాని వేళ వత్తురు గనుక వారికి వేఱుగ వంటయిల్లును, ఏడాదిపాటు దానిని చూచుకొనుటకు ఇద్దఱును ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, బీదలను, యాత్రికులను ఎక్కువ శ్రద్ధతో ఆదరింపవలెను. ధనవంతుని యెడల జనులకు గల భయమే యతనికి మర్యాద తెచ్చిపెట్టును. బీదవానికి ఆ యండ లేదు.

మన దేశమున క్రైస్తవసంఘములలోను కులభేదము పూర్తిగ తొలగలేదు. దేవాలయములో పక్కపక్కన ప్రార్థించినవారే విస్తరివద్ద విడిపోయిన యెడల, ఆ విందు పేరునకే ప్రేమవిందు. ఈ దోషము ఒక్క మతమువారిదే కాదు. అందుచేత చర్చి యైనను, కోవెల యైనను, సత్రమైనను, వంట ఎవరు వండుచున్నారు, గరిటె ఎవరి చేతనున్నది, ఎంగిలాకు లెవ రెత్తుచున్నారు అని యడిగి చూడవలెను. ఎత్తువారెప్పుడును ఒక్కవాడవారే యైనచో, అచ్చట వంతులు ఇంకను ఏర్పడలేదన్నమాట.

పెద్దలగు మిమ్ములను నిర్వాహకులు మొదటి పంక్తిలోనే కూర్చుండబెట్టుదురు. అచ్చట లోపము కానరాదు. ఈ మాఱు మీ యూర సంతర్పణము జరిగినపుడు కడపటి పంక్తిలో కూర్చుండి భుజింపుడు. దిద్దవలసిన దేదియో మీకే తెలియును.