మైకు, మగ్గం, మన మాట
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సంఘం సెక్రటరీలమని మమ్మల్ని పిలిస్తే నూలు ధర, కూలి, రిబేటు బాకీ, ఇవే మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. అవి ఎప్పుడూ ఉండేవే. ఈరోజు మా చేతిలో ఉన్న ఈ మైకు గురించి మాట్లాడతాము. నవ్వకండి. మేము ఎనిమిదో తరగతితో బడి మాని మగ్గం గుంటలో దిగినవాళ్ళం. సైన్సు చదివి చెప్పేది కాదిది. ఒక నష్టం జరిగి, దాని తర్వాత నేర్చుకున్నది.

మాది కాంచీపురం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో తమిళం, ఇంగ్లీషు. మన తెలుగు ఇక్కడ కాగితం మీద తక్కువ, నోట్లో ఎక్కువ. మా పిల్లలు పడుగును పావు అంటారు, పేకను ఊడై అంటారు. అది తప్పని మేము అనము, తమిళం కూడా మనకు అన్నం పెట్టిన భాషే. కానీ ఆసు, పన్నె, కండె, నాడె అని పలికే నోళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అందుకని పెద్దల మాటలు ఫోన్లో పట్టి పెడదామని సంఘంలో అనుకున్నాము.

మొదట ఒక తాత దగ్గరికి పోయినాము. ఎనభై దాటినాయన. కొరవై చీరకు ఇద్దరు మనుషులు, మూడు నాడెలు కావాలి కదా, చిన్నప్పుడు వాళ్ళ నాయన పక్కన కూర్చుని అంచు నాడె అందించిన కాలం నుంచి మొదలుపెట్టినాడు. నెమలికన్ను, రుద్రాక్ష, అన్నపక్షి, ఒక్కో అంచు గురించి ఒక్కో కథ. మగ్గం నేస్తూనే చెప్తానన్నాడు, అలా అయితేనే మాట వస్తుందన్నాడు. మేము ఫోను తీసి మగ్గం చెక్క మీద పెట్టినాము. పైన ఫ్యాను తిరుగుతా ఉంది. గంటన్నర చెప్పినాడు.

ఆఫీసుకు వచ్చి వింటే థక్ థక్ థక్. మగ్గమే. తాత గొంతు ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టు ఉంది. ఇంకోసారి పోదాములే అనుకున్నాము. దీపావళి పని వచ్చింది, ఆర్డర్లు వచ్చినాయి. రెండు నెలలకు తాత పోయినాడు. పదకొండో రోజు మనవరాలు వచ్చి, "తాత మాట్లాడింది మీ దగ్గర ఉందంట కదా" అని అడిగింది. గంటన్నరలో ఒక్క మాట మాత్రం స్పష్టంగా ఉంది. మగ్గం ఆపి మమ్మల్ని అడిగినాడు, "కాఫీ తాగినారా?" అని. ఆ పాప అదే పదిసార్లు వినింది. మాకు తల ఎత్తుకోవడానికి కాలేదు.

ఆ తర్వాత ఊళ్ళో మైక్ సెట్ పెట్టేవాళ్ళ దగ్గరికి పోయి అడిగినాము. ఆయన ఒక పాడైన మైకు విప్పి చూపించినాడు. లోపల ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ పొర. దాని వెనక, కండెకు నూలు చుట్టినట్టు, వెంట్రుక లాంటి రాగి తీగ చుట్ట. ఆ చుట్ట అయస్కాంతం సందులో కూర్చుని ఉంటుంది. మనం మాట్లాడితే గాలి అదురుతుంది, గాలి అదిరితే పొర అదురుతుంది, పొరతో చుట్ట ఆడుతుంది. అయస్కాంతం దగ్గర తీగ ఆడితే కరెంటు పుడుతుంది. సైకిల్ డైనమోతో దీపం వెలిగేది ఈ లెక్కనే. ఈ మైకును డైనమిక్ మైకు అంటారు. పుట్టే కరెంటు చాలా కొంచెం, ఆంప్లిఫయరు దాన్ని పెంచుతుంది. స్పీకరులో అదే పని తిరగేసి జరుగుతుంది, కరెంటు పోయి చుట్టను, పొరను ఆడిస్తుంది. చిన్న స్పీకరును మైకుగా కూడా వాడుకోవచ్చంట. మాకు ఇది వినగానే భలే అనిపించింది.

సభలకు, గుడి ఉత్సవానికి ఇదే మంచిది. కింద పడ్డా తట్టుకుంటుంది. పాత టెలిఫోనుల్లో ఉండింది వేరే రకం, బొగ్గు పలుకుల డబ్బీ. మాటకు పలుకులు నలిగి వదులై కరెంటు హెచ్చుతగ్గులయ్యేది. పాత రేడియో స్టేషన్లలో రిబ్బన్ మైకు ఉండేది, అయస్కాంతం మధ్య అల్యూమినియం రేకు వేలాడుతా ఉంటుంది. మన జరీకి కొట్టే వెండి రేకు గుర్తుకొచ్చింది మాకు, ఇది దానికన్నా పలచన. దాని ముందు ఫూ ఫూ అని ఊదితే రేకు సాగిపోతుంది. మన సభల్లో మైకు అందగానే ఊదని మనిషి లేడు!

కండెన్సర్ అని ఇంకొకటి. ఇందులో అయస్కాంతం లేదు. రెండు పలకలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒకటి పలచని పొర. వాటి మధ్య సందు మారితే కరెంటు మారుతుంది. గుసగుస కూడా పట్టుకుంటుంది. స్టూడియోలో వాడే దానికి బయటి నుంచి 48 వోల్టులు ఇవ్వాలి. 1962లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు, కరెంటు చార్జు తనలోనే నిలుపుకొనే ప్లాస్టిక్ పొరతో దీన్ని చేసినారు. దానికి ఎలక్ట్రెట్ అని పేరు. ఆ పెద్ద వోల్టేజీ అక్కర లేకుండా పోయింది, ధర తగ్గింది. చొక్కాకు తగిలించే కాలర్ మైకులు చాలావరకు ఆ జాతివే. ఇప్పటి ఫోన్లలో ఉండేది సిలికాన్ ముక్క మీద చెక్కిన మైకు, ఆవగింజ కన్నా కొంచెం పెద్దది. ఫోను కింద సన్నటి చిల్లు ఉంటుంది చూడండి, అదే దాని చెవి. సిమ్ముకని అందులో పిన్ను పొడిచి పాడు చేసినవాళ్ళు మా సంఘంలోనే ఇద్దరున్నారు.

ఇక తాత విషయంలో మా తప్పు ఏమిటంటే, మూడు. ఫోనును చెక్క మీద పెట్టినాము, పన్నె దెబ్బ గాలిలో కన్నా చెక్కలో నుంచే గట్టిగా ఎక్కింది. తాత నోరు నాలుగడుగుల దూరం. దూరం రెండింతలైతే మైకుకు అందే బలం సగం కాదు, నాలుగో వంతు అయిపోతుంది. మూడోది ఫ్యాను.

ఇప్పుడు ఎట్లా చేస్తున్నామో చెప్తాము. వైరు కాలర్ మైకు ఒకటి కొన్నాము, కొన్ని వందలకే వస్తుంది. గడ్డం కింద జానెడు దూరంలో తగిలిస్తాము. ఆడవాళ్ళకు తగిలించేటప్పుడు పైట దాన్ని రాసుకోకుండా చూడాలి. పట్టు గరగర మాట కన్నా గట్టిగా వస్తుంది, మన పట్టే మనకు అడ్డం! చెప్పేవాళ్ళను సంఘం చీరల గదికి పిలుచుకొస్తాము. సిమెంటు గోడల హాల్లో మాట తిరిగి తిరిగి మోగుతుంది. మడతల చీరలు బీరువాల నిండా ఉన్న గదిలో ఆ మోత గుడ్డలోకే ఇంకిపోతుంది. స్టూడియో కోసం మేము ఎక్కడికీ పోనక్కర లేకపోయింది.

మగ్గం మీదనే మాట వస్తుంది అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను బలవంతం చేయము. నాలుగు పోగులు నేయమంటాము, ఆపమంటాము, అప్పుడు చెప్పమంటాము. మగ్గం శబ్దం వేరుగా ఐదు నిమిషాలు పట్టుకుంటాము, అది కూడా ఉండాల్సిందే కదా. మొదట పేరు, వీధి, తేదీ చెప్పించి, ఒక నిమిషం పట్టినాక అక్కడికక్కడే విని చూసుకుంటాము. ఆరోజు ఆ ఒక్క నిమిషం విని ఉంటే...

సభల సంగతి ఒక్కటి. మైకు కుయ్యిమంటే అందరూ మైకు వాళ్ళను తిడతారు. స్పీకరులో వచ్చిన మాట మళ్ళీ మైకులోకి పోయి, అది మళ్ళీ స్పీకరుకు పోయి తిరిగేదే ఆ కూత. స్పీకరు జనం దిక్కు ఉండాలి. చేతి మైకు ముందు నుంచే ఎక్కువ వింటుంది, వెనక తక్కువ. పైన జాలీని గుప్పిట్లో మూస్తే ఆ గుణం పోయి కూత మొదలవుతుంది. పిడి పట్టుకోండి. వెనక వరుసలో కండెలు చుట్టే ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళకూ ఒక మైకు పంపండి. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒకామె కూలి గురించి లేచి అడిగింది. వేదిక మీద మాకు వినబడలేదు, మినిట్స్‌లో ఎక్కలేదు. అది మా తప్పే.

కాలర్ మైకు ఈరోజు తెచ్చినాము. భోజనం అయినాక చివరి గదిలో, ఫ్యాను ఆపి కూర్చుంటాము. అవ్వలను, తాతలను పిలుచుకొని రండి. ఉక్కపోస్తే విసనకర్ర పిల్లలు విసురుతారు, కొంచెం దూరం నుంచి.