గాదె నుండి గిడ్డంగి వరకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు ధాన్యమును గురించి ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. గ్రంథాలయమునకును, ధాన్యాగారమునకును ధర్మమొక్కటే. రెండును రాబోవు దినము కొఱకు కూడబెట్టునవి. కాని కూడబెట్టుట యొక్కటే చాలునా? దేశమందలి ధాన్యపు నిలువలు కాలక్రమమున ఎట్లు మారినవో చూచినచో ఇందుకు సమాధానము దొరకును.

కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుడను అధికారి కలడు. నిలువలో సగము జనపదముల ఆపత్కాలమునకై ఉంచవలెననియు, తక్కిన సగమే వాడవలెననియు, పాతగింజను తీసి క్రొత్తగింజను నింపుచుండవలెననియు అందలి విధి. ఇది గ్రంథస్థమైన మాట మాత్రమే కాదు. గోరఖ్‌పూరు మండలములోని సొహగౌరాలో దొరకిన ప్రాచీన తామ్రశాసనము రెండు ధాన్యాగారములను పేర్కొని, వానిలోని సరకు అక్కఱ వచ్చినప్పుడు వాడుటకని తెలుపుచున్నది. ఉంచుట, మార్చుట, సమయమునకు తలుపు తెరచుట: ధాన్యరక్షణమునకు ఈ మూడే మూలసూత్రములు.

తెలుగునాట ఈ విధిని గృహస్థులును పాటించిరి. మాగాణి సీమలో గడ్డితాడు చుట్టి కట్టిన పురులు, మట్టి మెత్తిన గాదెలు, గరిసెలు ఉండెడివి. మెట్టసీమలో జొన్నపాతరలు ఉండెడివి. గట్టినేలలో గోయి త్రవ్వి, చుట్టును గడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన గడ్డి పరచి మన్ను కప్పెడివారు. లోపలి ప్రాణవాయువును గింజలే హరించుటచేత పురుగు బ్రతుకజాలదు. అందుచేతనే పాతర త్రవ్విన వెంటనే లోనికి దిగరాదు; చెడుగాలి పోవువరకు ఆగవలెను.

అయితే ఆ కాలమంతయు సుభిక్షమనుకొనుట పొరపాటు. గాదె కలవానికే గింజ కలదు. లేనివాడు వానకాలమున నాగునకు తెచ్చుకొని, కళ్లములో అసలుతోపాటు పైగింజలను కొలిచి, మరల ఒట్టిచేతులతో ఇల్లు చేరెడివాడు. 1832-33 నందన సంవత్సరపు కరవులో గుంటూరు మండలమున ఇంచుమించు మూడవవంతు జనము నశించిరని అంచనా. దానినే డొక్కల కరవనిరి. పిమ్మట 1852లో ధవళేశ్వరమునను, 1855లో బెజవాడయందును ఆనకట్టలు ముగిసి, డెల్టాలు ధాన్యపు నెలవులైనవి.

పంట పెరిగినంత మాత్రమున ఆకలి తీరలేదు. 1876లో ధాతనామ సంవత్సరమున వానలు తప్పి, 1878 వరకు సాగిన క్షామము బళ్లారి, కర్నూలు, కడప మండలములను మాడ్చివేసెను. 1877లో చెన్నపట్టణపు సముద్రతీరమున ఓడలనుండి దిగిన ధాన్యపు బస్తాలు గుట్టలుగా పడియుండెను. వానిని లోపలి సీమలకు సకాలమున చేర్చుటకు రైలుబండ్లు చాలలేదు. చేరినచోట కొనుటకు పేదలచేత రూకలు లేవు. కరవుపనికి వచ్చినవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, కొద్ది రొక్కము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ విధించెను. గింజ యుండియు ప్రాణములు పోయినవి.

1942లో బర్మా జపానువారి వశమై, అచటి బియ్యము రాక ఆగెను. 1943లో వంగదేశమున సుమారు 30 లక్షలమంది క్షామమునకు బలియైరి. ఆ సంవత్సరమే ఆహారధాన్య విధాన సంఘము 5 లక్షల టన్నుల కేంద్ర నిలువ ఉండవలెనని సూచించెను. స్వాతంత్ర్యానంతరము 1956 ఒడంబడికతో అమెరికా గోధుమలు వచ్చెను. 1965లో ఆహార సంస్థ ఏర్పడెను. హరితవిప్లవముతో ఓడల కొఱకు ఎదురుచూచు దైన్యము తీరెను. 2002 జూలై నాటికి కేంద్రపు నిలువ 6 కోట్ల టన్నులను మించెను. 2012 జూలై నాటికి 8 కోట్ల టన్నులకు చేరెను. 2020-21లో తెలంగాణము నుండియే 1 కోటి 41 లక్షల టన్నుల వడ్లు సేకరింపబడెను.

ఇంత నిలువ యుండియు 2001లో ఆకలిని గూర్చి ప్రజలు సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చెను. ఒకవంక గిడ్డంగులు చాలక బస్తాలు టార్పాలిన్ల క్రింద తడియుచుండగా, వేరొకవంక పొయ్యిలో పిల్లి లేవని యిండ్లుండెను. ఆ వ్యాజ్యమున వెలువడిన ఉత్తరువులును, 2013 నాటి ఆహార భద్రతా చట్టమును ధాన్యమును దయగా గాక హక్కుగా చేసెను. 2020 ఏప్రిల్ నుండి 2022 డిసెంబరు వరకు, నడుమ కొన్ని నెలలు తప్ప, మహమ్మారి కాలమున మనిషికి నెలకు 5 కిలోలు అదనముగా ఉచితముగ అందెను. తలుపు సమయమునకు తెరచినచో నిలువ ఏమి చేయగలదో అప్పుడు తెలిసినది.

కాని ఈ లాభముతోపాటు ఒక నష్టమును కలదు. గాదె ఇంటినుండి వెడలిపోయినది. రైతు కళ్లములోనే వడ్లు అమ్మి, బియ్యమునకు అంగడికి పోవుచున్నాడు. జొన్నలు, కొఱ్ఱలు నిలువలనుండి దాదాపు తొలగినవి. ఊరిలో ఎన్ని పుట్ల గింజ యున్నదో ఊరివారికే తెలియదు. దీనికి ప్రతిక్రియ అసాధ్యము కాదు. 1990ల దశాబ్దమున జహీరాబాదు ప్రాంతములో దక్కను డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన స్త్రీల సంఘములు బీళ్లను సాగుచేయించి, అప్పును జొన్నల రూపమున రాబట్టి, ఊరిలోనే నిలువచేసి పేదలకు చౌకగా ఇచ్చినవి. ఏ యిల్లు పేదదో నిర్ణయించినది ఊరివారే.

ప్రభుత్వపు గిడ్డంగి వలదనుట కాదు. దానితోపాటు ఊరికొక చిన్న గాదె, ఆ గాదెకొక లెక్క పుస్తకము, ఆ లెక్కను నలుగురును చదువుటకొక చోటు ఉండవలెననుట. ఆ చోటు గ్రంథాలయమే కాదగును. తెరువని పుస్తకమును చెద తినును. తెరువని గాదెను పురుగు తినును. ఇరువదియైదేండ్లుగా పుస్తకమును పదిచేతులకు అందించిన యీ సంస్థ గింజ లెక్కను కూడ పదికన్నుల యెదుట నిలుపగలదని ఆశించుచు, గ్రామము పాడిపంటలతో వర్ధిల్లుగాక.

స్వస్తి.